టికెట్లు లేవు గానీ కూర్చోండి

ఈ మధ్య మా కాలనీ సంఘం సమావేశంలో ఒక యువ ఇంజనీరు నా పక్కన కూర్చున్నాడు. ఏం పని చేస్తుంటావు బాబూ అని అడిగాను. జనం గుంపులు గుంపులుగా చేరి మాట్లాడుకునే కంప్యూటరు నెట్‌వర్కులు, అంటే వలలు, కడుతున్నామండీ అన్నాడు. నడుమ కూర్చుని ఏలేవాడు ఉండడట. ఏ గుంపు పెత్తనం ఆ గుంపుదేనట. ఒక చోట చెడిపోయినా మిగతావి నడుస్తూనే ఉంటాయట. ఇది చాలా కొత్త ఆలోచన అని కూడా అన్నాడు. నేను నవ్వలేదు. ఎదుటివాడి ముఖం మీద నవ్వే అలవాటు మా వంశంలో లేదు. ఇంటికి వచ్చి, ఆ అబ్బాయి కోసమూ అతని ఈడు వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

మా తాతగారి దివాణంలో టెలిఫోన్ ఉండేది. ఆ తాలూకాలో మొదటిది అదేనని మా వాళ్ళు చెప్పుకునేవారు. దాని పక్కన ఒక్క కుర్చీ ఉండేది. తాతగారు అందులో కూర్చుని మాట్లాడేవారు. వినవలసినవాళ్ళు నిలబడి వినేవారు. తర్వాత ఎస్టేటు పోయింది, దివాణం చేతులు మారింది, ఆ టెలిఫోన్‌ను టెలిఫోన్ల శాఖవాళ్ళు వచ్చి విప్పుకుపోయారు. చదివిన చదువుకు నాకు ఆ శాఖలోనే ఉద్యోగం దొరకడం దేవుడి వేళాకోళం అనుకుంటాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వచ్చిన తర్వాత, నన్నూ ఇక్కడికి వేశారు. నాంపల్లిలో ఒక ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. ఇస్త్రీ మడత నలగకుండా అబిడ్స్‌లోని టెలిఫోన్ ఎక్స్ఛేంజి దాకా నడిచి వెళ్ళేవాణ్ణి. భోజనం డబ్బా విప్పి ఒక్కడినే కూర్చుని తినేవాణ్ణి. నా వెన్ను నిటారుగా ఉంటుందని అందరూ అనేవారు. అది పొగడ్త అనుకునేవాణ్ణి.

ఎక్స్ఛేంజిలో నా కింద ఒక మెకానిక్ ఉండేవాడు. ఈ ఊరివాడే. పాన్ నములుతూ నన్ను "రాజాసాబ్" అని పిలిచేవాడు. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అన్నది చివరిదాకా నాకు తేలలేదు.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉన్న ఒక నర్సింగ్‌హోమ్ నుంచి ఫిర్యాదు వచ్చింది. మధ్యాహ్నాలు వాళ్ళ ఫోన్ ఖాళీగా ఉన్నా, చేసేవాళ్ళకు ఎంగేజ్ కూత వినిపిస్తోంది. ఒకరోజు పురిటి నొప్పులు పడుతున్న మనిషి ఇంటివాళ్ళు ఎంత తిప్పినా ఫోన్ కలవలేదు. మెకానిక్‌ను పిలిచాను.

"నర్సింగ్‌హోమ్ లైన్ చూసిన సాబ్. మంచిగున్నది."

"లైను బాగుంటే ఫోన్ ఎందుకు కలవడం లేదు?"

"ఆ వరుస స్విచ్చులన్నీ బిజీ ఉంటున్నయ్."

"పట్టపగలు మూడింటికి? అంతమంది ఎవరు మాట్లాడుతున్నారు?"

అతను పాన్‌ను ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "ఎవరో మాట్లాడుతున్రు. జనం సాబ్. జనం మాట్లాడరా?"

"ఎవరితో?"

"గదే ముష్కిల్. ఎవరో ఒకరితోటి కాదు. అందరితోటి."

నాకు అర్థం కాలేదు. అతను నన్ను స్విచ్‌రూమ్‌లో ఒక ర్యాక్ దగ్గరికి తీసుకుపోయి, టెస్ట్ ఫోన్ తగిలించి నా చేతికి ఇచ్చాడు.

అప్పటి యంత్రాల సంగతి ఒక్క ముక్క చెప్పాలి. కొత్తగా బిగించి ఇంకా ఎవరికీ ఇవ్వని నంబర్లు వరుసలు వరుసలుగా ఉండేవి. వాటన్నిటినీ తాత్కాలికంగా ఒకే జత తీగకు ముడివేసి ఉంచేవాళ్ళు. ఎవరైనా పొరపాటున అలాంటి నంబరు తిప్పితే, తుమ్మెద రొదలాంటి సన్నని కూత వినిపించి ఊరుకునేది. అయితే ఇద్దరు ఒకేసారి పొరపాటు పడితే, తీగ ఒక్కటే కాబట్టి, ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. ముగ్గురు పడితే ముగ్గురికీ వినిపిస్తుంది. ఎవరూ ఎత్తని ఫోన్ కనక మీటరు తిరగదు. అబిడ్స్‌లో ఒక సినిమాహాలు నంబరులో చివరి రెండంకెలు తారుమారైతే, తిన్నగా ఈ తీగ మీద పడేవాళ్ళు. అలా పడ్డవాళ్ళు వెళ్ళిపోకుండా ఉండిపోయారు. అంతే జరిగింది.

టెస్ట్ ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"...చేపల పులుసు వండిన పూటే తినేవాడు తొందరపాటు మనిషండీ. మర్నాడు తినాలి."

"మర్నాటి దాక మిగలాలె గద అన్నా. మీ సముద్రం దిక్కు మిగుల్తదేమో. మా ఇంట్ల ఆర్గురు పిల్లలు."

"మిగలకపోతే ఎక్కువ వండించండి."

"అండీ అండీ అని మర్యాద మస్తు చేస్తవు. ఒక్కనాడన్న ఒక గిన్నె పులుసు పంపినవా?"

నలుగురైదుగురు ఒక్కసారి నవ్వారు. ఒక ముసలావిడ గొంతు, బడిలో బెత్తం తట్టినట్టు, వాళ్ళను ఆపింది. "ఒకరి తర్వాత ఒకరు. పెళ్ళి పందిట్లో కూడా ఇంత గోల ఉండదు."

ఇంతలో ఇంకో కొత్త గొంతు వచ్చింది. "హలో, మ్యాట్నీకి బాల్కనీ టికెట్లున్నాయా?"

అందరూ కలిసి పాఠం అప్పజెప్పినట్టు అన్నారు: "టికెట్లు లేవు గానీ కూర్చోండి."

నేను గొంతు సవరించుకున్నాను. "నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి మాట్లాడుతున్నాను. ఈ లైను మీద ఎవరెవరు ఉన్నారో పేర్లు చెప్పాలి."

ఆ ముసలావిడే జవాబిచ్చింది: "పేర్లు ఇక్కడ చెప్పుకోము నాయనా. ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం, ఏమీ అడగము. టికెట్లు లేవు గానీ మీరూ కూర్చోండి."

నా పక్కన మెకానిక్ ర్యాక్ వెనక్కి తిరిగి దగ్గుతున్నట్టు నటించాడు. అతనూ ఆ గుంపులో ఒకడేనని అప్పుడే తెలిసింది.

పెద్ద ఇంజనీరుకు సంగతి చెప్పాను. ఆయన కచ్చితమైన మనిషి, నోరు వాడి. "ముడి విప్పించేయండి. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ మాట ముందుగా ఎవరికైనా చెప్పడం మర్యాద అనిపించి, అందరికంటే ఎక్కువసేపు తీగ మీద ఉండే ఫోన్ ఎక్కడిదో స్విచ్చుల వెంట వెతుక్కుంటూ పోయాను. అది చాపెల్ రోడ్డు పక్క సందులో ఒక చిన్న ఇంట్లో తేలింది.

మెదక్ వైపు మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన ఆవిడ ఇల్లు అది. గోడ మీద శిలువ, తెల్లచీర, నేలలో పాతినట్టున్న నిదానం. చూపు పూర్తిగా పోయింది. సికింద్రాబాదులో ఉండే తమ్ముడు ఆమెకు ఫోన్ పెట్టించాడు. పొద్దున ఒక పనిమనిషి వచ్చి వండిపెట్టి పోతే, మళ్ళీ చీకటి పడేదాకా ఆ ఇంట్లో ఇంకో మనిషి అలికిడి లేదు.

"ఎక్స్ఛేంజి నుంచి వచ్చాను."

"మొన్న లైను మీదికి వచ్చింది మీరే కదూ? మీ గొంతు అప్పుడూ ఇప్పుడూ నిలబడి మాట్లాడుతున్నట్టుంది. కూర్చోండి."

"పరవాలేదండి."

"ఫోన్ ఉంది, అవసరం పడితే పిలుచుకో అక్కా అన్నాడు మా తమ్ముడు. అవసరం అంటే వాడి లెక్కలో జ్వరం, నొప్పి. నా అవసరం మనుషులు. అది వాడికి తోచలేదు, పాపం." ఆమె నవ్వింది. "చెప్పండి, ఎందుకొచ్చారు?"

నర్సింగ్‌హోమ్ సంగతి చెప్పాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"తల్లీ బిడ్డా?"

"క్షేమం. ఇంటివాళ్ళు రిక్షాలో పరుగెత్తి డాక్టరుగారిని తీసుకుపోయారు."

"మేము చేపల పులుసు గురించి పోట్లాడుకుంటున్నప్పుడేనా?"

"ఆ మధ్యాహ్నమే."

"అయితే మూసేయండి," అన్నది. మళ్ళీ అన్నది: "మూసేదానికి ఒక్క రోజు ముందుగా చెప్పండి నాయనా. రోజూ నాలుగింటికి నేను హాజరు పిలుస్తాను. చెప్పకుండా ఆగిపోతే, ముసలిదానికి ఏదో అయ్యిందనుకుని వాళ్ళు భయపడతారు. ఎక్కడికి వచ్చి చూడాలో కూడా వాళ్ళకు తెలియదు."

ఆమె బతిమాలి ఉంటే నేను మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేసేవాణ్ణి. బతిమాలేవాళ్ళను మా దివాణంలో చాలామందిని చూశాను. తను పోగొట్టుకునేదాన్ని గురించి ఒక్క మాటా మాట్లాడకుండా అవతలివాళ్ళ భయం గురించి మాట్లాడిన మనిషిని అంతకుముందు చూడలేదు. ఆ సందు దాటేలోపలే ముడి విప్పకుండా ఉండే దారి వెతకాలని నిశ్చయించుకున్నాను.

దారి దొరికింది. తప్పు మాటల్లో లేదు, అందరూ ఒకే చోట గుమిగూడడంలో ఉంది. నర్సింగ్‌హోమ్‌కు వెళ్ళే స్విచ్చులే వీళ్ళు కూర్చున్న వరుసకూ వెళ్తున్నాయి. ఎక్స్ఛేంజిలో పని లేని వరుసలు ఇంకా ఉన్నాయి. వీళ్ళను చిన్న చిన్న గుంపులు చేసి ఆ వరుసల మీదికి సర్దితే, ఎక్కడా ఎవరికీ అడ్డం ఉండదు. వాటికి అరుగులు అని పేరు పెట్టాను. మెకానిక్ చబూత్రాలు అనేవాడు. రెండూ ఒకటే, ఇంటి ముందు నలుగురు చేరే చోటు. కాగితం మీద బొమ్మ గీసి పెద్ద ఇంజనీరు ముందు పెట్టాను. ఒక మనిషిని ఏదైనా కావాలని అడగడం నాకు అదే మొదటిసారి.

ఆయన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "కన్నం పూడ్చమంటే, ఎక్కడెక్కడ కన్నాలు వేయాలో ప్లాను గీసి తెచ్చారు."

"అడ్డం ఉండదండీ. నేను పూచీ."

"ఒక్క ఫిర్యాదు. ఒక్కటి వచ్చినా ముడులన్నీ విప్పించేస్తాను. మీ చేతులతోనే."

అరుగులు లేచాయి. ఒక్కో అరుగుకు ఒక పెద్దను పెట్టాను. అరుగు మీద ఇంతమందికి మించి ఉండరాదు. రోజూ మధ్యాహ్నం ఆ పెద్దలు నా టేబులు మీది ఫోన్‌కు చేసి, ఇవాళ ఏ వరుస మీద కూర్చోవాలో అడగాలి. కొత్త కనెక్షన్లు ఇచ్చేకొద్దీ ఖాళీ వరుసలు ఒక్కొక్కటే నిండిపోతాయి కదా, ఏది ఎప్పుడు నిండుతుందో నా ఒక్కడికే తెలుసు. వాళ్ళు అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ గంట కోసం పొద్దుటి నుంచీ ఎదురు చూసేవాణ్ణి.

మెకానిక్ గుమ్మంలో నిలబడి చూసేవాడు. "గిది చబూత్రా కాదు రాజాసాబ్. దర్బార్."

"క్రమశిక్షణ లేకపోతే ఏదీ నిలవదు."

"ఔ సాబ్. మీ తాతగారి ఎస్టేట్ గూడ గట్లనే నిలిచింది గద."

ఆ రోజు అతనితో మళ్ళీ మాట్లాడలేదు.

ఆ వానాకాలంలో లక్డీకాపూల్ దగ్గర భూమిలోని కేబుల్ నీళ్ళలో మునిగింది. దాన్ని బాగుచేయడానికి తవ్విన గుంట ఒడ్డునే, టార్పాలిన్ కింద, నేను కొన్ని రోజులు ఉండిపోయాను. ఆఫీసులో నా టేబులు మీది ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే అరుగుల వరుసల్లో ఒకదాన్ని తెరిచి కొత్తవాళ్ళకు కనెక్షన్లు ఇచ్చారు. అక్కడ కూర్చునే వాళ్ళకు చెప్పేవాడు లేడు. వాళ్ళు పాత నంబరే తిప్పుతూ పోయారు.

ఆ నంబరు సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణానికి వెళ్ళింది.

నేను బురద బూట్లతో ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి ఆ దుకాణదారు పెద్ద ఇంజనీరు గదిలో ఉన్నాడు. బొద్దు మనిషి, నుదుట కుంకుమ, చేతిలో గొడుగు. మాటకొకసారి ఆ గొడుగుతో నేలను పొడుస్తున్నాడు.

"ఏండ్ల సంది అర్జీ పెట్టుకుంటే ఫోన్ వచ్చింది సార్. కొబ్బరికాయ కొట్టిన. పూలదండ ఏసిన. ఇంటిల్లిపాది దుకాణంల నిలబడ్డరు. మొదటి ఫోన్ మోగింది. మా అమ్మ దండం పెట్టింది. ఎత్తి హలో అన్న. ఏమన్నడో ఎరుకేనా?" గొడుగు నా వైపు తిరిగింది. "'టికెట్లు లేవు గానీ కూసో' అన్నడు! నా దుకాణంల, నా గద్దె మీద, నన్నే కూసోమన్నడు. అది సరే. మొదటి మాట 'లేవు' అన్నడు సార్! దుకాణంల లేదన్న మాట మేము పొరపాటున గూడ అనం. గుడ్డ అయిపోతే నిండుకున్నది అంటం. బోణీ మాటనే 'లేవు' అయింది. ఇగ నా ఫోన్ ఎందుకు, నా దుకాణం ఎందుకు!"

పెద్ద ఇంజనీరు పెదవి కొరుక్కుంటున్నారు. అది కోపమో నవ్వో నాకు తెలియలేదు. దుకాణదారు వెళ్ళిపోయాక అన్నారు: "మాట గుర్తుందా?"

"ఉంది."

"ఆయన నోటితో ఆయన ఫిర్యాదు లేదంటే నేను ఫైలు తెరవను. రేపు సాయంత్రం వరకు చూస్తాను. వెళ్ళి క్షమాపణ అడగండి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది మీ వల్ల అవుతుందా అన్నది నాకు తెలియదు."

ముందు చాపెల్ రోడ్డుకు వెళ్ళాను. జరిగిందంతా టీచరమ్మకు చెప్పాను. వాళ్ళు ఆమెను అలాగే పిలిచేవారు. ఆమె దుకాణదారు మాటలకు నవ్వి, తర్వాత చాలా మెల్లగా అన్నది:

"నాయనా, నేను బడి నడిపాను. హెడ్‌మిస్ట్రెస్‌కు జ్వరం వస్తే క్లాసులు ఆగిపోయాయంటే, అది బడి కాదు. మీరు అరుగులు కట్టారు, బాగుంది. కానీ అన్నిటికీ నడుమ మీ కుర్చీ వేసుకున్నారు."

"నేను లేకపోతే ఏ వరుస ఖాళీయో వాళ్ళకు ఎలా తెలుస్తుంది?"

"మనిషి చెప్తేనే తెలియాలా? ఒక లెక్క చెప్పి వదిలేస్తే సరిపోదా? పిల్లలకు ఎక్కాలు నేర్పుతాం. తర్వాత ప్రతిసారీ మనల్ని అడగరు కదా."

నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది తప్పయి ఉంటే కోపం వచ్చేది కాదు.

సుల్తాన్ బజార్‌లో ఆ దుకాణం చిన్నదే. నేల మీద తెల్లటి పరుపు, వెనక గోడ నిండా తానులు. గద్దె మీద ఆయన, పక్కన పూలదండ వాడిపోయిన ఫోన్. ముగ్గురు ఆడవాళ్ళు బేరం చేస్తున్నారు. నేను మెట్టు కింద నిలబడే మాట మొదలుపెట్టాను. "అయ్యా, జరిగిన పొరపాటుకు..."

"చెప్పులిప్పి పైకొచ్చి కూసోండ్రి సాబ్. నిలబడి చెప్పేటోడు పోలీసోడైన అయితడు, అప్పు వసూలుకొచ్చినోడైన అయితడు."

మా ఊళ్ళో బట్టలు అమ్మేవాళ్ళు మూటలు విప్పుకుని మా అరుగు కింద నిలబడేవారు. నేను బూట్లు విప్పాను. ఒక మేజోడుకు చిరుగు ఉంది. ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చూశారు. పరుపు మీద కాళ్ళు ముడుచుకుని, ఆయన గద్దె కంటే ఒక జానెడు కింద కూర్చున్నాను. "తప్పు నాది. క్షమించాలి," అన్నాను. ఆ రెండు మాటలు నోట్లోంచి రావడానికి ఎంత సేపు పట్టిందో ఆ తానులకే తెలియాలి.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ముఖం మెత్తబడింది. "మాఫ్ చేస్త. మాఫీ చేస్తే బోణీ మాట మారుతదా?"

"ఏం చేస్తే మారుతుంది?"

"మళ్ళ కొబ్బరికాయ కొడ్త. మళ్ళ దండ ఏస్త. ఇగ మొదటి ఫోన్ మంచి మనిషి చెయ్యాలె. మంచి మాట వినవడాలె. గది మీ పూచీ."

పక్కనే ఉన్న చాయ్ హోటల్‌కు వెళ్ళి అక్కడి ఫోన్ నుంచి టీచరమ్మకు చేశాను. సంగతి విని ఆమె "ఆయన హిందువు, నేను క్రైస్తవురాలిని. ఆయనకు పరవాలేదా?" అని అడిగింది. వచ్చి ఆయన్ను అడిగాను. "టీచరమ్మేనా? మా పిల్లగాడు గూడ మిషన్ బడిల్నే చదువుతుండు. చెయ్యమను," అన్నాడు.

కొబ్బరికాయ పగిలింది. ఫోన్‌కు కొత్త దండ పడింది. ఆయన తల్లి మళ్ళీ చేతులు జోడించింది. బేరం చేస్తున్న ఆడవాళ్ళు కూడా బేరం ఆపి చూస్తున్నారు. ఫోన్ మోగింది. ఆయన చేతులు తుడుచుకుని ఎత్తాడు. హెడ్‌మిస్ట్రెస్ గొంతు పరుపు మీద కూర్చున్న నాకు కూడా వినిపించింది. హాజరు పిలుస్తున్నట్టే అడుగుతోంది.

"తెల్ల పాప్లిన్?"

"ఉన్నదమ్మా!"

"జాకెట్టు గుడ్డ?"

"ఉన్నది!"

"ధోవతులు? తువ్వాళ్ళు? లంగా గుడ్డ?"

"ఉన్నయ్! ఉన్నయ్! అన్నీ ఉన్నయమ్మా!"

చివరికి ఆమె ఏదో అడిగింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, తానుల దగ్గరున్న కొడుకు కొయ్యబారిపోయాడు. ఆ గుడ్డ వాళ్ళ దగ్గర లేదని వాళ్ళ ముఖాలే చెబుతున్నాయి. ఆయన తడబడకుండా "వస్తున్నదమ్మా! తొవ్వల ఉన్నది!" అన్నాడు. దుకాణమంతా నవ్వింది. నేను కూడా. నా నవ్వు విని నేనే ఉలిక్కిపడ్డాను.

ఫోన్ పెట్టేసి ఆయన నా వైపు వంగాడు. "సాబ్, మధ్యాహ్నం దుకాణంల బేరాలు ఉండవు. ఈగలు కొట్టుకుంట కూసుంటం. ఆ టికెట్ల నంబర్ ఏంది?"

ఆ పరుపు మీదే, ఆయన బిల్లు చీటీ వెనక, నేను కొత్త లెక్క గీశాను. ఈసారి అందులో నా టేబులు లేదు. ఏ వరుసలో చోటు నిండినా, తర్వాతి వరుసకు పోవాలి. ఎవరైనా నిజమైన మనిషి ఫోన్ ఎత్తితే, ఒక్కసారి క్షమాపణ చెప్పి, మళ్ళీ ఆ వరుసకు రాకూడదు, అవతలి అరుగులో కలిసినవాళ్ళకు ఆ మాట చెప్పాలి. నర్సింగ్‌హోమ్ ఉన్న వరుస వైపు ఎవరూ ఎప్పటికీ పోకూడదు. పెద్దలు లేరు. ఎవరు ముందు వస్తే వాళ్ళే ఆ పూట హాజరు పిలవాలి. ఈ లెక్క తెలిసిన ప్రతివాడూ ఇంకొకరికి నేర్పవచ్చు. ఎవరినీ ఏదీ అడగనక్కర లేదు. టీచరమ్మ దీన్ని విని ఒక్క మాట చేర్చింది: "మీరూ వచ్చి కూర్చోండి. అందరిలాగే."

పెద్ద ఇంజనీరు ఫైలు తెరవలేదు. నర్సింగ్‌హోమ్ ఫిర్యాదు కాగితం కింద మాత్రం ఎర్ర సిరాతో రాశారు: లైను పరీక్షించబడినది, లోపము లేదు. తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక్కడ మీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను వెళ్ళి కూర్చోలేదు. ఒక్క రోజు కూడా కూర్చోలేదు. నా ఫోన్ మోగడం మానేసింది. మధ్యాహ్నం మూడు దాటాక స్విచ్‌రూమ్‌లోకి వెళ్ళి ర్యాకుల మధ్య నడిచేవాణ్ణి. స్విచ్చులు టకటకమని ఎక్కుతూ దిగుతూ ఉండేవి. ఏ వరుస మీద ఎందరు చేరుతున్నారో ఆ చప్పుడు బట్టి తెలిసేది. నాలుగింటికి ఒక్కసారిగా అన్నీ నిశ్చలమయ్యేవి. హాజరు నడుస్తోందన్నమాట. టెస్ట్ ఫోన్ చేతికి అందే దూరంలోనే వేలాడుతూ ఉండేది. నేను నడుమ లేని చోట పక్కన ఎలా కూర్చోవాలో నాకు ఎవరూ నేర్పలేదు.

కొన్నాళ్ళకు నన్ను వేరే జిల్లాకు బదిలీ చేశారు. నాంపల్లి స్టేషన్‌కు మెకానిక్ ఒక్కడే వచ్చాడు. నా పెట్టె పైకి అందిస్తూ అన్నాడు: "ఫికర్ చెయ్యకు రాజాసాబ్. నువ్వు పోతే ఆగిపోయేదైతే, నువ్వు మంచిగ కట్టలేదన్నట్టు." కిటికీలోంచి ఒక పాన్ చేతిలో పెట్టాడు. నేను జీవితంలో మొదటిసారి పాన్ వేసుకున్నది ఆ రైల్లో.

డెబ్బైలలో ఒకసారి ఆఫీసు పని మీద మళ్ళీ ఈ ఊరు వచ్చాను. అబిడ్స్‌లో కొత్త యంత్రాలు బిగించబోతున్నారు. పాత స్విచ్చులన్నీ కొద్దిరోజుల్లో తీసేస్తారు. పాతవాళ్ళెవరూ ఎక్స్ఛేంజిలో లేరు. మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ ఎదుట ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే, గల్లాపెట్టె పక్కన ఫోన్ కనిపించింది. గోడ గడియారం నాలుగు కావస్తోంది. లేచి వెళ్ళి, అడిగి, నంబరు తిప్పాను. పాత వరుస. నిజమైన మనిషి గొంతు. క్షమాపణ చెప్పి పెట్టేశాను. తర్వాతి వరుస. అక్కడా మనిషే. ఆ తర్వాతిది. నేను గీసిన లెక్క వెంట నేనే నడుస్తున్నాను. గల్లా దగ్గరి మనిషి విసుగ్గా చూడటం మొదలుపెట్టాడు.

తుమ్మెద రొద వినిపించింది. దాని వెనక మనుషులు.

"హలో," అన్నాను.

"టికెట్లు నిండుకున్నయ్ గానీ కూసోండ్రి," అన్నాయి నాలుగైదు గొంతులు.

నేను అప్పట్లో విన్న మాట "లేవు". సుల్తాన్ బజార్ నుంచి ఎవరు దాన్ని దిద్దారో నాకు తెలుసు. నన్ను అడగకుండా దిద్దారు.

"కొత్తవారా?" ఒక అమ్మాయి గొంతు. కళాశాల వయసు ఉంటుంది. "ఇక్కడ పేర్లు అడగమండీ. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. చోటు నిండితే తర్వాతి వరుసకు పోవాలి. రేపు మీరు ముందొస్తే మీరే హాజరు పిలవచ్చు."

"ఈ పద్ధతులు ఎవరు పెట్టారమ్మా?"

"ఎవరూ పెట్టలేదండీ. మొదటి నుంచీ ఇంతే."

"టికెట్లు ఏమిటి?"

"ఏమో. అందరూ గట్లనే అంటరు, మేమూ అంటం," అన్నది ఇంకో గొంతు. మళ్ళీ నవ్వు.

నేనే పెట్టానని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. తాతగారి పేరు, దివాణం, ఆ ఒక్క కుర్చీ, అన్నీ గొంతులో నిలబడ్డాయి. పేర్లు చెప్పకూడదన్నది పద్ధతి. నేను నోరు మూసుకున్నాను.

"నాలుగైంది. హాజరు," అన్నది ఆ అమ్మాయి. "టీచరమ్మ?"

ఆ గొంతు కోసం నేను చెవి రిక్కించాను. అది రాలేదు. అన్ని గొంతులూ కలిసి, మెల్లగా, అలవాటైన ప్రార్థనలా జవాబిచ్చాయి:

"ఉన్నారు."

ఆ అరుగు మీద "లేరు" అనే మాట ఎవరూ అనరని నాకు అప్పుడు అర్థమైంది. ఆ అమ్మాయి ఒక్కొక్కరినే పిలిచింది. పులుసు అన్న ఉన్నాడు. పాన్ డబ్బా ఉన్నాడు. ఆ గొంతు బుగ్గలో పాన్‌తోనే పలికింది. చివరికి ఆమె అన్నది:

"కొత్తవారు? మీ గొంతు నిలబడి మాట్లాడుతున్నట్టుంది. కూర్చోండి."

గల్లా పక్కన ఒక స్టూలు ఉంది. దాన్ని కాలితో లాక్కుని, గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.

"ఉన్నాను," అన్నాను.